దేవక్రీడ, ఇంద్రపదవి, ఈశ్వరలీల: కంప్యూటరు ఆటల చరిత్రపై ఒక విచారణ

‘దేవ’ శబ్దానికి మూలం ‘దివు’ ధాతువు. ధాతుపాఠం దీనికి పది అర్థాలను నిర్దేశించింది. వానిలో మొదటిది క్రీడ. రెండవది విజిగీష, అనగా జయింపవలెనన్న కోరిక. తరువాత వ్యవహారం, ద్యుతి, స్తుతి, మోదం, మదం, స్వప్నం, కాంతి, గతి అనే అర్థాలు వస్తాయి. కనుక దేవుడంటే వ్యుత్పత్తి రీత్యా ఆడేవాడు. అయితే క్రీడకు, విజిగీషకు మధ్యనున్న భేదం అల్పమైనది కాదు. క్రీడ నిండిన మనస్సు నుండి పుడుతుంది, విజిగీష కొరత నుండి పుడుతుంది. ఒకే ధాతువులో పక్కపక్కన నిలిచిన ఈ రెండు అర్థాలను వేరుపరచి తెలుసుకొనడమే ఈ వ్యాసానికి ప్రయోజనం. అందుకు ఆధారంగా గ్రహించినది సాధకలోకానికి అంతగా పరిచితం కాని ఒక చరిత్ర. మానవుని చేతికి దైవత్వాన్ని అప్పగించి ‘నీవే దేవుడవు, లోకాన్ని నడుపు’ అని చెప్పిన కంప్యూటరు ఆటల చరిత్ర అది.

ఈ ఆటలను ఆంగ్లంలో ‘గాడ్ గేమ్స్’ అంటారు. వీనిని ఆడినవారు ఏమన్నారు, ఎక్కడ ఆనందించారు, ఎక్కడ విసిగిపోయారు అన్నది పరిశీలిస్తే, ఆ మాటలలో వారికి తెలియకుండానే ఒక వేదాంతవిచారం సాగినట్లు కనిపిస్తుంది.

తొలి దేవక్రీడ

ఈ కోవకు ఆద్యమని అందరూ చెప్పే ఆట ‘పాప్యులస్’. ఇంగ్లండులోని గిల్‌ఫర్డ్ పట్టణంలో పీటర్ మోలినూ నాయకత్వాన బుల్‌ఫ్రాగ్ సంస్థ దీనిని నిర్మించింది. 1989లో విడుదలైనది. ఆటగాడు ఇందులో ఒక దేవత. ఆతని ప్రజలకు ఇళ్ళు కట్టుకొనడానికి సమతలమైన నేల కావాలి. దేవత భూమిని పైకెత్తి, కిందికి దించి, చదును చేసి ఇస్తాడు. ప్రజలు పెరిగినకొద్దీ దేవత శక్తి పెరుగుతుంది. ఆ శక్తితో భూకంపాలు, జలప్రళయాలు, అగ్నిపర్వతాలు సృష్టించి, అవతలి వైపున్న ప్రతిద్వంద్వి దేవత ప్రజలను నశింపజేయాలి.

భూమిని ఎత్తి దించే ఈ మహిమ పుట్టిన విధానం ఆసక్తికరమైనది. తెరపై ఉన్న చిన్నమనుషులు నీటి అంచులను తప్పించుకొని దారి వెతుక్కొనేటట్లు చేయడం మొదట కష్టమైనదని, అందువల్ల నేలను మార్చే పనిని ఆటగాడికే అప్పగించానని మోలినూ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. అంటే ఆ దేవతకు దైవత్వం సంక్రమించినది నిర్మాతకు కలిగిన ఒక అడ్డంకి వల్ల!

ఆడినవారు ఈ ఆటను మెచ్చారు. అంతవరకు కంప్యూటరు ఆటలలో ఆటగాడు ఒక సైనికుడో, వాహనచోదకుడో. ఇక్కడ ఆకాశం నుండి చూస్తున్నాడు. ఆ దృష్టే వారిని ఆకర్షించింది. కాని ఆ దృష్టి వెనుక ఉన్నది విజిగీష. ఎదుటి దేవత లేకపోతే ఈ దేవతకు పనిలేదు. ప్రజలు లేకపోతే శక్తి లేదు.

ప్రార్థనలతో విసిగిన దేవత

2001లో మోలినూ స్థాపించిన లయన్‌హెడ్ సంస్థ ‘బ్లాక్ అండ్ వైట్’ అనే ఆటను వెలువరించింది. ఆనాటికి ఇంత మహత్తరమైన సంకల్పంతో వచ్చిన ఆట అరుదు. తెరపై ఆటగాడికి రూపం లేదు. ఒక పెద్ద హస్తం మాత్రమే ఉంటుంది. ఆ హస్తం చెట్లను పెకలించగలదు, రాళ్ళను విసరగలదు, మనుషులను ఎత్తి పొలంలో దించగలదు. ధర్మాన్ని బోధించే సలహాదారు ఒకడు, అధర్మాన్ని ప్రేరేపించే సలహాదారు ఒకడు ఎల్లప్పుడూ వెంట ఉంటారు. దేవుని నడవడిని బట్టి హస్తం, రాజ్యం వెలుగునో చీకటినో సంతరించుకొంటాయి.

వీటికి తోడు ఒక మహాజంతువు. ఆవు, వానరం, పులి అనే మూడింటిలో ఒకదానిని మొదట ఎన్నుకోవాలి. అది చూచి నేర్చుకొంటుంది. మంచి చేసినపుడు నిమిరితే ఆ పనిని మళ్ళీ చేస్తుంది, కొడితే మానుతుంది.

ఆడినవారి అభిప్రాయాలు రెండు పాయలుగా చీలాయి. తొలిరోజులలో ప్రశంసల వర్షం కురిసింది. కాలక్రమాన అదే ఆటను, ప్రచారానికి తగిన సారం లేనిదని పునర్విమర్శ చేసినవారు అనేకులు. వారి అసంతృప్తికి ముఖ్యకారణం ఒకటి సాధకులు తప్పక గమనింపదగినది. గ్రామస్థుల కోరికలకు అంతం లేదు. అన్నం కావాలి, కట్టెలు కావాలి, ఇళ్ళు కావాలి, సంతానం కావాలి. ఒకటి తీరిస్తే మరొకటి. దేవుని శక్తికి మూలం వారి ఆరాధన. కాని ఆరాధనాస్థలంలో నిలిచినవారు ఆకలితో అలమటిస్తారు. వారికి మళ్ళీ దేవుడే అన్నం పెట్టాలి. ఎవరైనా మరణిస్తే ‘మృత్యువు’ అని ఒక గుసగుస స్వరం వినిపిస్తుంది. లోకాన్ని పాలించడానికి వచ్చిన ఆటగాడు పనివాడై, ఆపై విసుగుచెందిన పనివాడై మిగిలాడు.

అదే ఆటగాళ్ళు మరచిపోలేనిది మాత్రం ఆ జంతువును. తాను పెంచిన ప్రాణి తొలిసారిగా తనంత తానే పొలానికి నీరు పోయడం చూచి పొంగిపోయినవారున్నారు. అధికారం వారిని విసిగించింది, వాత్సల్యం కట్టివేసింది.

2008లో విల్ రైట్ రూపకల్పనలో మాక్సిస్ సంస్థ వెలువరించిన ‘స్పోర్’ విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. ఏకకణజీవి నుండి అంతరిక్షయానం వరకు ఐదు దశలలో జీవపరిణామాన్ని నడిపించడం దాని సంకల్పం. ఒక్కొక్క దశ లోతులేనిదని అనేకులు నిరుత్సాహపడ్డారు. కాని కొత్త కొత్త ప్రాణులను రూపొందించే భాగాన్ని మాత్రం పిల్లలూ పెద్దలూ మక్కువతో ఆడుకొన్నారు. అక్కడ గెలుపు లేదు, ఓటమి లేదు. ధాతువు యొక్క మొదటి అర్థమైన క్రీడ అక్కడ మాత్రమే మిగిలినది.

పట్టాభిషేకం జరగని దేవాధిదేవుడు

ఈ చరిత్రలో అత్యంత విచిత్రమైన ఘట్టం ‘గోడస్’. మోలినూ స్థాపించిన ట్వంటీటూ కాన్స్ అనే కొత్త సంస్థ 2012 నవంబరులో ‘క్యూరియాసిటీ’ అనే ఒక ప్రయోగాన్ని ప్రారంభించింది. అసంఖ్యాకమైన చిన్నఘనాలతో కూడిన ఒక మహాఘనం. ప్రపంచమంతటి నుండి జనులు తమ ఫోనులలో వేలితో తట్టి పొరలు తొలగించాలి. చిట్టచివరి ఘనాన్ని తొలగించినవానికి లోపలి రహస్యం తెలుస్తుంది. 2013 మే 26న అది తెరచుకొన్నది. స్కాట్లండుకు చెందిన ఒక యువకునికి ఆ అదృష్టం దక్కింది. రాబోయే ‘గోడస్’ ఆటలో అతడు ‘దేవతలకు దేవుడు’గా నియమితుడు. ఆటగాళ్ళందరి లోకాలకు నియమాలను అతడు నిర్ణయిస్తాడు, ఆదాయంలో కొంత భాగం అతనిది. ఆ పదవికి కాలపరిమితి కూడా ఉన్నది.

ఈ ‘గోడస్’ కొరకు కిక్‌స్టార్టర్ ద్వారా 17 వేలకు పైగా జనులు 5 లక్షల 26 వేల పౌండ్లకు పైగా ధనం సమర్పించారు. 2013 సెప్టెంబరులో అసంపూర్ణరూపంలో ఆట వెలువడింది. ఆడినవారు తమ నిరాశను దాచుకోలేదు. కొండలను పొరపొరగా తట్టి తట్టి చదును చేయడం తప్ప ఆలోచనకు తావు లేదన్నారు. ఫోనులలో డబ్బు రాబట్టే చిన్న ఆటల పోలికలు వచ్చాయన్నారు. వాగ్దానం చేసినవానిలో అనేకం రాలేదన్నారు. 2015 నాటికి, ఆ దేవాధిదేవుడు తన సింహాసనంపై ఒక్కరోజైనా కూర్చోలేదన్న సంగతి పత్రికల ద్వారా లోకానికి తెలిసింది. ఆతని పాలనకు కావలసిన భాగం ఆటలో నిర్మితమే కాలేదు. 2023లో ఆ ఆటను స్టీమ్ అంగడి నుండే తొలగించారు.

ఆ నిర్మాతలను నిందించడం ఇక్కడ ఉద్దేశం కాదు. ‘దేవతలకు దేవుడు’ అనే పదం ఎంతటి అనాయాసంగా ఒక బహుమతిగా మారిందో గమనించాలి.

ఇవి ఎవరి అనుకరణలు?

పైన చెప్పిన దేవతల లక్షణాలను క్రమంగా పేర్చి చూద్దాం. వారి శక్తి ఆరాధకుల వల్ల కలుగుతుంది. వారికి ప్రతిద్వంద్వులున్నారు. వారి పదవికి ఆద్యంతాలున్నాయి. వారు పాలించే లోకం వారు సృష్టించినది కాదు. వారు లోకానికి వెలుపల నిలిచి చేయి చాచుతారు. కోరికలు వింటూ వింటూ అలసిపోతారు.

మన శాస్త్రాలలో ఈ లక్షణాలు ఈశ్వరునికి లేవు. ఇంద్రునికి ఉన్నాయి. యజ్ఞం చేత మానవులు దేవతలను పోషించాలని, దేవతలు వర్షాదుల చేత మానవులను పోషించాలని గీత మూడవ అధ్యాయంలో భగవానుడు ఆ పరస్పరవ్యవస్థను వివరించాడు. హవిస్సు అందని దేవతలు బలహీనులవుతారని పురాణకథలు ఎన్నో చెబుతాయి. ఇంద్రత్వం ఒక పదవి. మన్వంతరానికి ఒక ఇంద్రుడు. రాబోయే సావర్ణి మన్వంతరంలో బలిచక్రవర్తి ఇంద్రుడవుతాడని భాగవతం తెలిపినది.

ఆ పదవి ఒక మానవునికి చేజిక్కితే ఏమవుతుందో కూడా మహాభారతం చూపినది. వృత్రవధానంతరం ఇంద్రుడు అజ్ఞాతంలో ఉండగా నహుషుడు స్వర్గాధిపతి అయ్యాడు. ధర్మాత్ముడైన రాజే. కాని పదవి రాగానే మదం కలిగింది. శచీదేవిని కోరాడు, ఋషుల చేత పల్లకి మోయించాడు, అగస్త్యుని కాలితో తన్నాడు. శాపగ్రస్తుడై కొండచిలువగా భూమిపై పడ్డాడు. ధాతుపాఠంలో దివు ధాతువుకు మదం కూడా ఒక అర్థంగా ఉండడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. హస్తంతో గ్రామస్థుని ఎత్తి సముద్రంలోకి విసిరి వినోదించిన ఆటగాళ్ళు తక్కువమంది కారు. నిజజీవితంలో వారు చీమకు కూడా హాని తలపెట్టనివారై ఉండవచ్చు. పదవి మనిషిలోని నహుషుని ఎలా మేల్కొల్పుతుందో చెప్పడానికి ఆ ఆటలు నిరపాయమైన ప్రయోగశాలలు.

కనుక వీనిని ఈశ్వరానుకరణలనడం కంటె ఇంద్రపదవికి అనుకరణలనడం యుక్తం. ఆడినవారి విసుగు కూడా ఆటలోని దోషం మాత్రమే కాదు. ఇంద్రపదవిలోని సహజమైన దోషం అందులో కొంత బయటపడినది.

లీల అనగా ఏమి?

పూర్ణుడైన ఈశ్వరునికి సృష్టితో ఏమి పని? ప్రయోజనం ఉంటే ఆయన పూర్ణుడు కాడు. ప్రయోజనం లేకుంటే సృష్టి ఉన్మత్తచేష్ట అవుతుంది. ఈ ఆక్షేపాన్ని బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మొదటి పాదంలో బాదరాయణుడు ఎత్తి, లీల అని సమాధానం చెప్పాడు. శంకరభగవత్పాదులు దీనిని వివరిస్తూ, కోరికలన్నీ తీరిన రాజు విహారస్థలాలలో క్రీడించడాన్ని ఒక దృష్టాంతంగా, ఉచ్ఛ్వాసనిశ్వాసాలను మరొక దృష్టాంతంగా చూపారు. ఊపిరి తీసుకొనడానికి ఎవరూ సంకల్పించరు. అది స్వభావం.

వెంటనే మరొక ఆక్షేపం వస్తుంది. లోకంలో ఒకరు సుఖించడం, ఒకరు దుఃఖించడం కనిపిస్తున్నది. ఇది లీల అయితే ఈశ్వరుడు పక్షపాతి, నిర్దయుడు కాడా? కాడని, ప్రాణుల కర్మను అనుసరించే ఆయన ఫలమిస్తాడని తరువాతి సూత్రం నిర్ణయించింది. వర్షం వరికీ యవలకూ సమానంగానే కురుస్తుంది. మొలకలోని భేదం విత్తనాలది. ‘బ్లాక్ అండ్ వైట్’లోని హస్తానికి ఈ నియమం లేదు. తన ఇష్టం వచ్చినవానిని ఎత్తవచ్చు, ముంచవచ్చు. స్వేచ్ఛాచారానికి, లీలకు ఉన్న భేదం ఇదే.

మరొక భేదం స్థానానికి సంబంధించినది. ఆటలోని దేవుడు తెరకు ఇవతల కూర్చున్నవాడు. బృహదారణ్యకంలోని అంతర్యామి బ్రాహ్మణం చెప్పిన ఈశ్వరుడు పృథివిలో, జలంలో, ప్రాణంలో లోపల ఉండి నియమించేవాడు. ముండకం చెప్పిన సాలెపురుగు దృష్టాంతంలో దారం పురుగు నుండే వస్తుంది. నిర్మాత చేసిపెట్టిన నేలను చదును చేసే దేవతకు, లోకానికి తానే ఉపాదానమూ నిమిత్తమూ అయిన పరబ్రహ్మకు పోలిక ఎక్కడ?

మన ఇంటిలోని పటం

తెలుగువారు ఆట ద్వారా పరతత్త్వాన్ని తలచుకొనడం కొత్తగా నేర్చుకొన్నది కాదు. వైకుంఠపాళి, లేక పరమపద సోపానపటం, ముక్కోటి ఏకాదశి నాడు, శివరాత్రి జాగరణలోను ఎన్నో ఇళ్ళలో పరచుకొన్న ఆట. ఉత్తరదేశంలో దీని సోదరపటాలకు జ్ఞానచౌపడ్ వంటి పేర్లున్నాయి. 19వ శతాబ్ది చివరలో ఇది ఇంగ్లండు చేరి, పాములు నిచ్చెనల ఆటగా లోకమంతా తిరిగినది. ఆ ప్రయాణంలో గడుల పేర్లు రాలిపోయి, క్రమంగా ఉత్త సంఖ్యలు మిగిలాయి. మన పటంలో నిచ్చెనలకు భక్తి, యాగం, జ్ఞానం వంటి పేర్లు, పాములకు అసురుల పేర్లు, దుర్గుణాల పేర్లు ఉంటాయి. పై వరుసల దాకా ఎక్కినవానిని కూడా మింగి కిందికి తోసే పెద్దపామును తలచుకొని భయపడని పిల్లలుండరు.

గమనింపవలసినది ఆటగాడి స్థానం. దేవక్రీడలలో ఆటగాడు ఆకాశం నుండి దిగువకు చూస్తాడు. వైకుంఠపాళిలో అడుగు వరుసన నిలిచి ఎగువకు చూస్తాడు. అక్కడ అతడు అధిపతి, ఇక్కడ జీవుడు. గవ్వలు పడినట్లు నడవాలి. ఇందులో పురుషప్రయత్నానికి తావు లేదని ఒక ఆక్షేపం ఉన్నది. అది నిజమే. ఈ పటం ప్రారబ్ధాన్ని మాత్రమే చూపుతుంది. దేవక్రీడలు పురుషప్రయత్నాన్ని మాత్రమే చూపి ప్రారబ్ధాన్ని మరుగుపరుస్తాయి. జీవితం రెండింటి కలయిక. అయినా పాము నోట పడి మళ్ళీ మొదలుపెట్టడం నేర్పిన ఆట, ఎన్నడూ పడిపోని పదవి నిచ్చే ఆట కంటె సాధకునికి దగ్గరిది.

హైదరాబాదులో పుట్టిన హనుమంతుడు

మన ప్రాంతానికి సంబంధించిన ఒక ఘటనను ఇక్కడ స్మరించాలి. హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ సంస్థ నిర్మించగా సోనీ సంస్థ 2009లో ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆటను ప్లేస్టేషన్ 2 యంత్రంపై విడుదల చేసింది. ఆ యంత్రం కొరకు భారతదేశంలోనే రూపొందిన తొలి ఆటగా దానికి ప్రచారం లభించింది. అమెరికాలోని హిందూ ప్రముఖుడు రాజన్ జెడ్ దీనిపై అభ్యంతరం తెలిపాడు. ఆరాధ్యదైవమైన హనుమంతుని మీటలు నొక్కి ఆడించే ఒక పాత్రగా తగ్గించడం అపచారమన్నది ఆయన వాదం.

ఈ అభ్యంతరాన్ని తేలికగా తోసిపుచ్చరాదు, తొందరపడి అంగీకరించనూ రాదు. మన తోలుబొమ్మలాటలో రాముడిని, హనుమంతుని ఆడించేది మనిషి చేతులే. కూచిపూడి కళాకారుడు సత్యభామ అవుతాడు, రామలీలలో బాలుడు రాముడవుతాడు. వానిని ఎవరూ అపచారమనలేదు. ఎందుకంటే అక్కడ ఆడించేవాడు కథకు లోబడి ఉంటాడు. బొమ్మ అతని ఇష్టానికి నడవదు, రామాయణం నడిపినట్లు నడుస్తుంది. కంప్యూటరు ఆటలో ఆటగాడి చేయి తడబడితే చిరంజీవి అయిన హనుమంతుడే ఓడిపోయి మళ్ళీ మొదలుపెట్టవలసి వస్తుంది. భక్తుని మనస్సు నొచ్చుకొనేది ఇక్కడే. ఆ వేదన వెనుక ఒక తత్త్వం ఉన్నది. వేషం ధరించడంలో దోషం లేదు. ఇష్టదైవం తన ఇష్టానికి లోబడినదని భావించడంలో దోషం ఉన్నది.

కట్టుబడిన పరమాత్మ

అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నం సమీపాన రోలుగుంట అనే ఊరు ఉన్నది. నగరాలలో కొందరికే పరిచితమైన ఈ ఆటలు నేడు చేతిలోని ఫోను ద్వారా అటువంటి ఊళ్ళలోని పిల్లలకూ అందుబాటులో ఉన్నాయి. ‘మా పిల్లవాడు దేవుడిగా ఆడుతున్నాడు, ఇది పాపమా?’ అని తల్లిదండ్రులు అడిగితే సమాధానం ఏమి? ఆ ఊరి పేరు వినగానే రోలుకు కట్టుబడిన బాలకృష్ణుడు స్ఫురిస్తాడు. సమాధానం కూడా ఆ కథలోనే ఉన్నది.

యశోద త్రాడు తెచ్చి కట్టబోయింది. రెండంగుళాలు తక్కువైనది. మరొక త్రాడు ముడివేసింది. మళ్ళీ రెండంగుళాలే తక్కువ. ఇంటిలోని త్రాళ్ళన్నీ చాలలేదు. తల్లి చెమటోడ్చి అలసిపోవడం చూచి, దయతో ఆయనే కట్టుబడ్డాడు. లోకాలను తనలో ధరించినవాడు రోలుకు కట్టుబడి పాకుతూ, ఆ బంధంతోనే మద్దిచెట్ల రూపంలో ఉన్న నలకూబర మణిగ్రీవులకు విముక్తినిచ్చాడు. కట్టడమే తెలిసిన దేవతలను మాత్రమే ఆ ఆటలు ఊహించగలిగాయి. కట్టుబడే దేవుడు వానికి అందలేదు. అయినా ఆటగాళ్ళు అధికారాన్ని మరచి జంతువును ప్రేమించినపుడు ఆ త్రాటి కొస వారికి ఒక్క క్షణం తగిలినది.

కనుక పిల్లవానిని గద్దించనవసరం లేదు. ఒక్క ప్రశ్న అడిగితే చాలు. ‘ఆ ఊరివాళ్ళు నిన్ను అది కావాలి, ఇది కావాలి అని అడుగుతూనే ఉన్నారు కదా, నీకు ఎలా ఉన్నది?’ విసుగ్గా ఉన్నదంటాడు. అపుడు మనం మన పూజాగదిని తలచుకోవాలి. మన సంకల్పాలు, మన మ్రొక్కులు, ప్రతి ఉదయం మనం ఆయన ముందుంచే జాబితాలు ఆ గ్రామస్థుల కేకల కంటె భిన్నమైనవా? ఆటగాడు కొన్ని గంటలలో విసిగిపోయి యంత్రాన్ని కట్టివేశాడు. గీత ఏడవ అధ్యాయంలో భగవానుడు ఆర్తుని, జిజ్ఞాసువును, అర్థార్థిని, జ్ఞానిని పేర్కొని, జ్ఞాని తనకు ఆత్మయేనని చెబుతూనే, ఆ నలుగురినీ ఉదారులనే అన్నాడు. అన్నం అడిగినవానిని కూడా ఉదారుడన్నాడు. అనాదిగా వింటూ ఒక్కసారి కూడా విసుగుకొననివాడు ఆయన ఒక్కడే.

ఆ సంగతి మనస్సుకు పట్టిన రోజున మన ప్రార్థనలో ఒక కోరిక తానుగా తగ్గుతుంది. ఆ ఖాళీలో కృతజ్ఞత నిలుస్తుంది.